చౌటవాగు పరిగెలు

కల్వర్టు కింద మోకాటిలోతు నీళ్లలో నిలబడి ఇనుప జాలీని రాతికట్టుకు అదిమి పట్టుకున్నాడు మాల్యాద్రి. వెల్డరు తువ్వాలు తలకు చుట్టుకుని పై మూల అతుకుతున్నాడు. గట్టు మీద జనరేటరు మోతకు మాటలు వినపడటం లేదు. చౌటవాగు ఈ కల్వర్టు కిందుగానే చెరువులో కలుస్తుంది. ఈ జాలీ కూడా పడితే ఈ వాగుకూ మూత పడినట్టే.

వెల్డరు రాడ్డు మార్చుకోవడానికి ఆగినప్పుడు మాల్యాద్రి తలెత్తి చూశాడు. వాగులోంచి పుష్పమ్మ వస్తోంది. చీర మోకాళ్ల పైకి ఎగదోపుకుని, ఒక చేత్తో చేపలు పట్టే ఊత, ఇంకో చేత్తో సత్తుబిందె పట్టుకుని, నీళ్లను కాళ్లతో తడుముకుంటూ నడుస్తోంది. జాలీ దాకా వచ్చి ఆగింది. ఆమె అటువైపు, అతను ఇటువైపు.

“ఇది గూడా మూస్తే నేనేడ పెట్టుకోవాల నాయనా ఊత?” అంది.

చేపల సొసైటీ తీర్మానం చేసిందని, దాని ప్రెసిడెంటుగా మాల్యాద్రి చెప్పాడు. వరదొస్తే చెరువులో వేసిన బొచ్చె చేపపిల్లలు వాగులెక్కి పోతున్నాయనీ, వాగుల్లోంచి పరిగెలనే చిన్న చేపలు దిగి బొచ్చెలకు వేసిన మేతంతా తినిపోతున్నాయనీ ఓపిగ్గానే వివరించాడు. కొండవాగుకూ ఎర్రవాగుకూ కొన్నేళ్ల కిందటే జాలీలు వేశారు. అందరికీ ఒకటే రూలు. పుష్పమ్మ సొసైటీ మెంబరు కాదు. ఆమె మొగుడు మెంబరుగా ఉండేవాడు, ఆయనతోపాటే ఆ సభ్యత్వం పోయింది. చేపలు పట్టుకునే హక్కు సొసైటీది.

“పరిగెలు సొసైటీవి కాదు గదా,” అంది ఆమె.

“వాగు నోరు సొసైటీది చిన్నమ్మా.”

జాలీ ఇంకా బిగించని వైపు నుంచి చేయి చాచి ఆమె చేతిలోని ఊత తీసుకున్నాడు. లాక్కోలేదు, తీసుకున్నాననే అనుకున్నాడు. వెదురు బద్దలతో అల్లిన ఊత, అడుగున వెడల్పు, పైన చేయి పట్టేంత కన్నం. ఎన్నేళ్లుగానో నీళ్లలో నాని నల్లబడి ఉంది. దాన్ని గట్టు మీద ఉన్న మస్తానయ్యకు అందించి సొసైటీ గదిలో పెట్టమన్నాడు. మస్తానయ్య అతనికి పిల్లనిచ్చిన మామ. ఊతను అటూ ఇటూ తిప్పి చూసి చంకలో పెట్టుకున్నాడు.

పుష్పమ్మ అరిచి గోల చేస్తుందనుకున్నాడు మాల్యాద్రి. ఆమె ఖాళీ అయిన చేతిని ఒకసారి చూసుకుంది. తర్వాత సత్తుబిందెను పక్కకు వంచి, అందులో పట్టుకున్న నాలుగు పరిగెలనూ నీళ్లతో సహా వాగులోకే వదిలేసింది. వట్టి బిందెతో వెనక్కి నడిచి గట్టెక్కి పోయింది.

జనరేటరు మళ్లీ మోగింది.

ఆ మధ్యాహ్నం కోళ్లఫారం నుంచి ఎరువు లారీ వచ్చింది. మాల్యాద్రి దగ్గరుండి దాన్ని చెరువులో వేయించాడు. నీళ్లు ఆకుపచ్చగా, చిక్కగా ఉన్నాయి. ఎంత పచ్చగా ఉంటే చేప అంత బలంగా పెరుగుతుందని అతని నమ్మకం. దాంట్లో అబద్ధం కూడా లేదు. కట్ట మీది నుంచి చూస్తే బొచ్చెలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అన్నీ ఒకే హేచరీలో ఒకే విడత తెచ్చిన పిల్లలు. ఇప్పుడు జానెడు దాటి మూరెడుకు వస్తున్నాయి. దసరా వెళ్లగానే వలలు దింపాలి. ఊళ్లో బెస్త ఇళ్లన్నీ ఆ రోజు కోసమే చూస్తున్నాయి.

సాయంత్రం మార్కాపురం నుంచి సంధ్యారాణి ఫోన్ చేసింది. ఆమె చేపల శాఖలో పనిచేస్తుంది. కిందటి నెల వచ్చి నీళ్లు పరీక్ష చేసి, ఎరువు తగ్గించమనీ, కనీసం ఒక వాగైనా తెరిచి ఉంచమనీ చెప్పిపోయింది. ఇప్పుడు మబ్బు పట్టేటట్టుందని, రెండు మూడు రోజులు గాలి కూడా ఆడదని, నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలకు ఊపిరి అందదని హెచ్చరించింది. మోటార్లు పెట్టి నీళ్లు తిప్పి పోయమంది.

“ఎరువు ఆపేసినారా అన్నా?”

“ఆపేస్తాం మేడం,” అన్నాడు మాల్యాద్రి. పొద్దునుంచీ నీళ్లలో నిలబడి కాళ్లు పీకుతున్నాయి. మోటార్ల సంగతి రేపు చూద్దామనుకున్నాడు.

మర్నాడంతా ఎండ పొడ లేదు. నల్లమల వైపు మబ్బు కిందికి దిగి కదలకుండా నిలబడిపోయింది. వాన పడలేదు. చింతచెట్ల ఆకు కూడా ఊగలేదు. బేస్తవారిపేటలో మోటార్లు అద్దెకిచ్చే దుకాణానికి వెళితే అవి ఎవరి పొలానికో పోయాయని, రేపు ఇస్తామని చెప్పారు. మాల్యాద్రి టీ తాగి తిరిగొచ్చాడు.

తెల్లవారుతుండగా మస్తానయ్య వచ్చి తలుపు కొట్టాడు. రమ్మని చేత్తో సైగ చేసి వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. మాల్యాద్రి చొక్కా వేసుకుంటూనే వెంట వెళ్లాడు. కట్ట ఎక్కకముందే వాసన తగిలింది. కుళ్లిన వాసన కాదది. పచ్చి చేప వాసనే. కాకపోతే అంత వాసన ఎప్పుడూ ఎరగడు.

కట్ట ఎక్కాడు.

చెరువు తెల్లగా ఉంది.

ముందు అతనికి అర్థం కాలేదు. పొగమంచు దిగిందనుకున్నాడు. తర్వాత ఆ తెలుపు కాస్త కదిలింది. నీళ్ల మీద ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బొచ్చెలు వెల్లకిలా తేలుతున్నాయి. తూము దగ్గర, అలుగు దగ్గర, అవతలి గట్టు తుమ్మల కింద, ఎక్కడ చూసినా పొట్టలే. నీటి రంగు కనిపించడం లేదు. అక్కడక్కడా ఒక చేప ఇంకా బతికుండి నోరు తెరిచి గుండ్రంగా తిరుగుతోంది. తిరిగి తిరిగి, పక్కకు ఒరిగి, ఆగిపోతోంది.

మాల్యాద్రి నీళ్లలోకి దిగాడు. ఎందుకు దిగాడో తెలియదు. నడుము లోతుకు పోయి చేతులతో చేపలను పక్కకు తోశాడు. తోసిన చోట మళ్లీ చేపలే వచ్చి కూడుకున్నాయి. ఒకదాన్ని రెండు చేతులతో ఎత్తి నీళ్లలో ముందుకూ వెనక్కూ ఆడించాడు, మొప్పల్లోకి నీళ్లు పోతాయేమోనని. అది చల్లగా, బరువుగా ఉంది. దాన్ని వదిలి ఇంకోటి పట్టుకున్నాడు. దాన్నీ ఆడించాడు.

కట్ట మీద జనం చేరుతున్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. అతని భార్య పావని కట్ట దిగి నీటి అంచు దాకా వచ్చింది.

“పైకి రా. ఇంగ చాలు, రా,” అంది.

అతను రాలేదు. మస్తానయ్యే దిగి, రెక్క పట్టుకుని బయటకు తెచ్చాడు.

పొద్దెక్కేసరికి మార్కాపురం చేపల వ్యాపారి మనుషులు వచ్చి చూసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తల అడ్డంగా ఊపి పోయారు. మధ్యాహ్నానికి పొట్టలు ఉబ్బి పగలడం మొదలైంది. పంచాయతీ వాళ్లు జేసీబీ తెచ్చి చెరువు వెనక బీడు నేలలో పెద్ద గుంట తీశారు. బెస్త ఇళ్ల వాళ్లంతా, ఆడామగా, వలలతో చేపలను గట్టుకు లాగి, ట్రాక్టరు ట్రాలీల్లోకి పారలతో ఎత్తారు. పట్టుకుని అమ్ముకోవాల్సిన చేపలను పూడ్చడానికి మోశారు. సాయంత్రం వరకూ పార ఇసుకలో దిగిన చప్పుడు, ట్రాలీ తలుపు పడిన చప్పుడు, అంతే.

మాల్యాద్రి కూడా పార పట్టాడు. ఎత్తుతుంటే ఒక సంగతి అతని కంటికి ఆనింది. అన్ని చేపలూ ఒకటే పొడుగు. ఒకటే లావు. ఒకదాని పక్కన ఒకటి పడితే అచ్చు వేసినట్టు ఉన్నాయి. ఇంతకుముందు కూడా ఎండాకాలాల్లో చెరువులో చేప చచ్చేది. కానీ అప్పుడు చచ్చినవి కొన్ని, బతికినవి కొన్ని. ఒక రకం తేలితే ఇంకో రకం బురదలోకో, వాగు మూతిలోకో పోయి తలదాచుకునేది. ఇవి పోవడానికి చోటు లేదు. ఉన్నా పోయేవి కావేమో. ఒకే ఊపిరితో పుట్టినట్టు ఒకే పూట పోయాయి.

“మామా,” అన్నాడు, “ఈ పూటకు ఇండ్లల్లో కూరకన్నా పరిగెలు పట్టుకొద్దాం. కొండవాగు మడుగుల్లో ఉంటాయి గదా. పిల్లలు తింటారు.”

మస్తానయ్య పార ఆపాడు.

“పోయి చూడు,” అన్నాడు.

మాల్యాద్రి బండి తీసుకుని కొండవాగు వెంబడి పైకి పోయాడు. చిన్నప్పుడు తొలకరికి నీళ్లు రాగానే పరిగెలు ఈ వాగుకు ఎదురెక్కేవి. తెల్లటి ఒళ్లు, తోక దగ్గర ఎరుపు. రాళ్ల మీది నుంచి ఎగిరెగిరి పడేవి. నాయన భుజం మీద కూచుని చూసేవాడు. వాన కొండమీద పడని ఏడు ఈ వాగు ఎండిపోయేది. ఆ ఏడు ఎర్రవాగు వచ్చేది, దాంట్లో పరిగె వేరే నెలలో గుడ్లు పెట్టేది. రెండూ మోసం చేసిన ఏడు కార్తీకంలో తుఫాను వానకు చౌటవాగు పొంగి పారేది. ఏదో ఒక వాగు పరిగె ఎప్పుడూ చెరువులోకి దిగేది. పరిగె లేని ఏడును వాళ్ల ఇళ్లల్లో ఎవరూ చూడలేదు.

మొదటి మడుగులో నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. అతను బండి మీద ఉన్న విసురువల తీసి చుట్టి విసిరాడు. వల గుండ్రంగా పడి దిగింది. లాగితే రెండు ఎండాకులూ, ఒక కప్పా వచ్చాయి. ఇంకో మడుగు. అక్కడా అంతే. పైకి పోయి బండల మధ్య పెద్ద మడుగులో విసిరాడు. ఈ మడుగులో ఎంత ఎండాకాలమైనా పరిగె కరువుండేది కాదు. వల లాగుతుంటే చేతికి బరువు తగలలేదు. పూర్తిగా లాగేసి దులిపాడు. నీటి పురుగులు రాలాయి.

అతను రాయి మీద కూచున్నాడు. కాసేపు కూచుంటే చేప పైకి వస్తుందనుకున్నాడు. నీటి మీద గీత పడలేదు. ఈ వాగు నోటికి జాలీ వేసింది తనే. చెరువులో ఉన్న పరిగె గుడ్లకు పైకి రాలేకపోయింది. పైన ఉన్నది వాగు ఎండినప్పుడు కిందికి పోలేకపోయింది. జాలీకి అటూ ఇటూ అవి ఎన్నాళ్లు కొట్టుకున్నాయో అతనికి తెలియదు. అతను ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు.

ఎర్రవాగుకు పోయాడు. అక్కడ కూడా లేవు. అక్కడ ఆఖరిసారి విసిరినప్పుడు వల చిక్కుపడి ముద్దగా పడింది. దాన్ని విడదీయకుండానే బండి మీద వేసుకుని తిరిగొచ్చాడు.

గుంట దగ్గర పని అయిపోయింది. మస్తానయ్య ఒక్కడే మట్టిని పారతో సర్దుతున్నాడు.

“మామా, కొండవాగు పరిగెను ఆఖర్న నువ్వెప్పుడు చూసినావు?”

మస్తానయ్య పార మీద రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాడు. చాలాసేపు ఆలోచించాడు. ఆయన పెదవులు ఏవో లెక్కపెడుతున్నట్టు కదిలాయి. అంత ఆలోచించీ జవాబు చెప్పలేదు. తల వంచుకుని మళ్లీ మట్టి సర్దసాగాడు.

ఆ జవాబు లేకపోవడం మాల్యాద్రిని ఉదయం చెరువు కంటే ఎక్కువ కొట్టింది. చెరువు చావును ఊరంతా చూసింది. జేసీబీ వచ్చింది, గుంట తీశారు, పూడ్చారు. ఈ చావును ఎవరూ చూడలేదు. ఎప్పుడు జరిగిందో కూడా ఎవరికీ తెలియదు.

మర్నాడు సంధ్యారాణి వచ్చింది. చెప్పినా వినలేదని నిష్ఠూరమాడలేదు. చెరువు చుట్టూ తిరిగి నీళ్లు సీసాల్లో పట్టుకుంది. తర్వాత మాల్యాద్రి ఆమెను చౌటవాగు కల్వర్టు దగ్గరకు తీసుకుపోయాడు. కొత్త జాలీ మీద వెల్డింగు మరకలు ఇంకా నీలంగానే ఉన్నాయి. జాలీకి పైన, వాగు వైపు నీళ్లు పారుతున్నాయి. ఆ నీళ్లలో, ఇనుప కన్నాలకు ముక్కులు ఆనించి, పరిగెలు నిలబడి ఉన్నాయి. గుంపుగా ఉన్నాయి. ప్రవాహం వెనక నుంచి తోస్తుంటే తోకలాడిస్తూ, చెరువులోకి దిగడానికి దారి వెతుకుతున్నాయి. చౌటనేల బురదకు ఒళ్లు కాస్త నల్లగా ఉంది.

మాల్యాద్రి గట్టు అంచున గొంతుక్కూచున్నాడు.

“ఇవి బతికినాయి మేడం.”

“పారే నీళ్లలో ఉన్నాయి గాబట్టి బతికినాయి,” అంది ఆమె. “ఈ జాలీ ఇంకో వారం ఆగి వేసుంటే ఇవీ చెరువులోకి దిగి ఆ బొచ్చెలతోనే పోయేవి.”

వీటినే తీసుకుపోయి కొండవాగులో వదిలితే సరిపోతుంది కదా అని అడిగాడు. చూడ్డానికి అన్నీ పరిగెలే కదా.

సంధ్యారాణి ఒంగి నీళ్లలోకి చూసింది.

“చూసేదానికి ఒకటే అన్నా. కానీ ఇవి కార్తీకంలో గుడ్లు పెట్టేదానికి అలవాటు పడినాయి. చౌట నీళ్లకు, బురదకు. కొండవాగుది తొలకరి పరిగె, చల్లటి నీళ్ల పరిగె. ఎన్ని తరాలు పట్టిందో అట్ల అయ్యేదానికి. మూడు రకాలున్నంత కాలం ఒకటి పోతే ఇంకోటి చెరువును నిలబెట్టింది. ఇప్పుడు ఒకటే మిగిలింది. దీన్ని అక్కడ వేస్తే బతకొచ్చు, బతక్కపోవచ్చు. బతికినా అది కొండవాగు పరిగె కాదు. అది అయిపోయింది.”

అది అయిపోయింది. ఆమె ఆ మాట మెల్లగానే అంది. మాల్యాద్రి దాన్ని లోపల మళ్లీ మళ్లీ అనుకున్నాడు. దానికి కట్టాల్సిన జరిమానా లేదు, ఎవరికీ చేయాల్సిన అర్జీ లేదు. కేసు పెట్టేవాడు కూడా లేడు. అతను పగబట్టి చేసిన పని కాదు. సొసైటీ మేలు కోరే చేశాడు. అది మరీ భయంగా ఉంది.

రెండు మూడేళ్లు చౌటవాగులో ఎవరూ వల వేయకుండా కాపాడుకోవాలని, చెరువు నీళ్లు తేటపడే దాకా జాలీని ఉంచి ఆ తర్వాత తీసేయాలని సంధ్యారాణి చెప్పింది. మిగతా రెండు వాగుల జాలీలు మాత్రం ఇప్పుడే తీసేయమంది. కొన్ని పరిగెలను కొండవాగుకు చేరేసి చూడటంలో తప్పు లేదంది. ఆశ పెట్టుకోవద్దని కూడా అంది.

ఆమె పోయాక మాల్యాద్రి సొసైటీ గది తాళం తీసి ఊత బయటకు తెచ్చాడు. అప్పటికే ఊళ్లో మాట పాకింది. చౌటవాగులో పరిగెలున్నాయట, పోదాం పదండని ఇద్దరు ముగ్గురు వలలు సర్దుకుంటున్నారు. వాళ్లకు కోపం చల్లారలేదు. చేతిలో పని లేదు, పొయ్యి మీదికి కూర లేదు. వాళ్లను ఆపాలంటే ముందు ఎవరిని ఆపాలో అతనికి తెలుసు.

పుష్పమ్మ ఇంటి ముందు కూచుని చింతపండు గింజలు తీస్తోంది. అతన్ని చూసి లేవలేదు. అతను ఊతను ఆమె పక్కన గోడకు ఆన్చి, నిలబడ్డాడు. చెప్పాలనుకున్నదంతా ఇంటి దగ్గరే సర్దుకుని వచ్చాడు. అదంతా వదిలేసి అరుగు కింద నేల మీద కూచున్నాడు.

“చిన్నమ్మా, ఈ ఏడు చౌటవాగులో ఊత పెట్టాకు. వచ్చే ఏడు గూడా. నిన్నడిగే మొగం నాకు లేదు.”

ఆమె గింజ తీసి పక్కకు వేసింది.

“నీకు తెలుసు గదా నాకు అదే కూర అని.”

“తెలుసు.”

“మొన్న గూడా తెలుసు గదా.”

“తెలుసు చిన్నమ్మా.”

ఆమె ఇంకో నాలుగు గింజలు తీసింది. వీధిలో వలలు భుజాన వేసుకున్న మనుషులు ఇటే చూస్తూ ఆగారు. సొసైటీ ప్రెసిడెంటు పుష్పమ్మ వాకిట్లో నేల మీద కూచుని ఉండటం వాళ్లకు వింతగా ఉంది.

“మొన్న నువ్వు చెప్పినావు,” అంది పుష్పమ్మ. “ఈ పొద్దు అడిగినావు. అడిగినందుకు పెట్టనులే.” ఆ మాట వీధిలో వాళ్లకు కూడా వినపడింది. వాళ్లలో ఒకడు వల భుజం మీది నుంచి దింపాడు. ఇంకొకడు కాసేపు నిలబడి, ఆమె ఒప్పుకున్నాక మనమెట్ల పోతామని గొణుక్కుంటూ ఇంటి దారి పట్టాడు.

కొండవాగుకు కొన్ని పరిగెలను తీసుకుపోయి చూడాలనుకుంటున్న సంగతి కూడా మాల్యాద్రి చెప్పాడు. ఆశ పెట్టుకోవద్దని మేడం అన్న మాట కూడా దాచలేదు. పుష్పమ్మ చింతపండు చాటను లోపల పెట్టి వచ్చింది.

“ఇన్నేండ్లు వాటిని తిన్నదాన్ని. మోసేదానికి రాకుంటే ఎట్ల?” అంది.

మస్తానయ్య ఆటో పిలిపించాడు. జాలీ పైన నిలబడి ఉన్న పరిగెలను పుష్పమ్మే పట్టింది. అరచేతులు దొన్నెలా చేసి, నీళ్లతో సహా ఎత్తి, రెండు సత్తుబిందెల్లోకి జారవిడిచింది. మిగతా గుంపును కదలనివ్వలేదు. ఆటోలో ఒక బిందె ఆమె ఒళ్లో, ఇంకోటి మాల్యాద్రి ఒళ్లో. గతుకుల దారిలో నీళ్లు తొణికి అతని లుంగీ తడిసింది. బిందె మూతి మీద అరచేయి మూసి పట్టుకున్నాడు. లోపలి నుంచి పరిగెలు అరచేతికి తగులుతున్నాయి. తగిలినప్పుడల్లా అతను తల దించి చూస్తున్నాడు.

పోయేదారిలోనే కొండవాగు జాలీ. మస్తానయ్య, ఆటో అతనూ కలిసి గడ్డపారలతో దాన్ని పెరికి గట్టున పడేశారు. తుప్పు పట్టిన ఇనుముకు ఎండు నాచు అంటుకుని ఉంది.

పెద్ద మడుగు దగ్గర పుష్పమ్మ నీళ్లలోకి దిగింది. వాగు నీళ్లను కొంచెం కొంచెం బిందెలో పోసింది, చలి అలవాటు కావాలని. చాలాసేపు అలా పోస్తూనే ఉంది. మాల్యాద్రి కూడా ఆమెను చూసి అలాగే చేశాడు. తర్వాత ఇద్దరూ బిందెలు వంచారు.

పరిగెలు బయటకు వచ్చాయి. కానీ ముందుకు పోలేదు. తేట నీళ్లలో, గులకరాళ్ల మీద, ఆ నల్లటి ఒళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒకదానికొకటి దగ్గరగా జరిగి, మనుషుల కాళ్ల పక్కనే నిలబడ్డాయి. ఒకటి మాల్యాద్రి మడమకు ఆనుకుంది. దాని మొప్పలు ఆడటం అతనికి తెలుస్తోంది. కాలు తీస్తే బెదురుతుందేమోనని కదల్లేదు. మస్తానయ్య గట్టు మీది నుంచి ఇక పోదాం రమ్మని పిలిచాడు.

“ఉండు మామా,” అన్నాడు మాల్యాద్రి. “వీటికి ఈ నీళ్లు తెలీవు.”

పుష్పమ్మ కూడా కదల్లేదు. ఇద్దరూ ఆ చల్లటి నీళ్లలో అలాగే నిలబడ్డారు.